గాలికి అంటించిన సర్టిఫికెట్

పోయినేడు డిసెంబరు పదకొండో తేదీన చెంగల్రాయుడు రాగిసంగటి, పితికిపప్పు కూర తిన్నాడు. తిన్నాడనడం కంటే తినడం మొదలుపెట్టాడనడం సరైన మాట. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య పితికి పొట్టు తీస్తేగాని ఆ కూర తయారు కాదు. భార్య పోయిన ఆరేళ్ళలో తన కోసం తాను ఒక్క గింజైనా పితుక్కోని మనిషికి, పక్కింటి నాగులమ్మ గిన్నె నిండా కూర తెచ్చి "తిను అయివారూ, సల్లారిపోతాది" అని గుమ్మంలో నిలబడడం చిన్న విషయమేమీ కాదు.

రెండో ముద్ద నోట్లో ఉండగా పక్కింటి స్నానాలగదిలో ఏదో ధబ్బున పడిన చప్పుడైంది.

"రెడ్డెమ్మా!" అంటూ నాగులమ్మ పరుగెత్తింది. వెనకే సంగటి చేత్తోనే చెంగల్రాయుడు పరుగెత్తాడు. స్నానాలగది లోపల గడియ పెట్టి ఉంది. కోనంపల్లె హౌసింగ్ కాలనీ కట్టిన కంట్రాక్టరు నాసిరకం గడియలు వాడటం ఆ ఒక్కరోజు మాత్రం మేలైంది. భుజంతో రెండుసార్లు తోస్తే తలుపు ఊడి వచ్చింది. లోపల నాగులమ్మ కోడలు రెడ్డెమ్మ, చీర చుట్టుకుని ఉన్నది ఉన్నట్టుగా గోడకు ఒరిగిపోయి ఉంది. ఏడు నెలలు నిండిన మనిషి. గోడమీద గ్యాస్ గీజరు బుసబుసమంటూ మండుతోంది.

చెంగల్రాయుడు మొదట గీజరు ఆపాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ పిల్లను వెనక వరండాలోకి మోసుకొచ్చి చల్లగాలిలో పడుకోబెట్టారు. పది నిమిషాలకు ఆమె కళ్ళు తెరిచి, తలపట్టుకుని, "అత్తా, స్టవ్వు మింద పప్పు పెట్టినా, మాడిపాయనా?" అంది. దాంతో నాగులమ్మ ఏడుపు, నవ్వు ఒకేసారి మొదలుపెట్టింది. టమోటా లారీ తోలుతూ చెన్నై దారిలో ఉన్న కొడుక్కి ఫోను చేయడానికి ఆమెకు గంట పట్టింది. డాక్టరమ్మ చూసి తల్లికీ, కడుపులో బిడ్డకూ ప్రమాదం లేదంది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే తాను ఏ మాటా చెప్పగలిగేదాన్ని కాదని కూడా అంది.

చెంగల్రాయుడు స్నానాలగదిలోకి వెళ్ళి పైకి చూశాడు. వెంటిలేటరుకు అడ్డంగా టమోటా డబ్బా అట్ట ఒకటి కుక్కి ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే అయివారూ. సలిగాలి రివ్వున కొడతా ఉంటే."

"అమ్మా, ఆ గీజరులో మంట గదిలో ఉన్న గాలినే తింటుంది. గాలి తక్కువైతే సరిగా మండక విషవాయువు కక్కుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు."

"వాసన లేని విషమా! సొరకాయ కుళ్ళినా ముందు వాసనొచ్చి చెప్తాది గదా. దీనికి ఆ మాత్రం మర్యాద గూడా లేదా?"

ఆమె ఒక్క గుంజుతో అట్ట పీకి వీధిలోకి విసిరేసింది. చల్లగాలి లోపలికి వచ్చింది. సమస్య అక్కడితో తీరిపోయింది.

కానీ ముప్పయ్యేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి అంతటితో ఊరుకోలేడు. కాలనీలో నూటనలభై ఇళ్ళున్నాయి. ఎన్ని వెంటిలేటర్లలో ఎన్ని అట్టలున్నాయో అని ఆయనకు నిద్ర పట్టలేదు. మర్నాడు నాలుగు వాక్యాల అర్జీ రాసి, జిల్లా కేంద్రంలోని గృహ వాయు ప్రసరణ నియంత్రణ కార్యాలయానికి పంపాడు. తన జీవితంలో చేసిన తప్పులను ఎప్పుడైనా ఆయన తలుచుకుంటే, ఆ అర్జీ రెండో స్థానంలో ఉంటుంది. మొదటిదేమిటో ఆయన ఎవరికీ చెప్పడు.

ఆ కార్యాలయం పుట్టి ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళలో దానికి వచ్చిన మొదటి అర్జీ ఇదే. వారం తిరక్కుండా మనుషులు దిగారు. ఆ వేగం చూసైనా ఆయన జాగ్రత్తపడి ఉండాల్సింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఇన్‌స్పెక్టరు భక్తవత్సలం. ముప్పయి అయిదేళ్ళ వయసు, మెడలో కొలత టేపు, చంకలో ఫైలు. రెండోవాడు రిటైర్మెంటు దగ్గరపడిన అటెండరు మునిస్వామి, చేతిలో మైదాజిగురు బకెట్టు.

"అర్జీదారు తమరేనా?" అన్నాడు భక్తవత్సలం. "తమ అర్జీని పురస్కరించుకుని ఈ కాలనీని వాయు సురక్షిత మండలంగా గుర్తించడమైనది. ఘటన జరిగిన స్థలం చూపించవలసినదిగా కోరడమైనది."

స్నానాలగదిలో భక్తవత్సలం స్టూలెక్కి, వెంటిలేటరును కొలిచి, దాని ముందు అగరుబత్తీ వెలిగించాడు. పొగ సన్నటి గీతలా సాగి బయటికి పోయింది.

"రాసుకో. పొగ బహిర్గమించినది. ఉత్తీర్ణత."

"పాసయింది సామీ, మన వెంటిలేటరు," అంది నాగులమ్మ సంతోషంగా. తన కొడుకు పదో తరగతిలో వినిపించని మాట ఆమె ఇన్నేళ్ళకు గోడలో కన్నం గురించి వింది.

అప్పుడు మునిస్వామి చుట్ట విప్పి సర్టిఫికెట్టు బయటికి తీశాడు. లామినేషను చేసిన దళసరి కాగితం, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. 'ఈ వెంటిలేటరు గుండా గాలి నిరాటంకముగా ప్రసరించుచున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని పెద్ద అక్షరాల్లో ఉంది. వెంటిలేటరు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. మునిస్వామి నాలుగంచులకూ జిగురు పూసి, సర్టిఫికెట్టును సరిగ్గా వెంటిలేటరు మీద పెట్టి, నడుమ అరచేత్తో రుద్ది, అంచులు నొక్కాడు. గదిలో గాలి ఆగిపోయింది.

చెంగల్రాయుడు స్టూలు దగ్గరికి వచ్చాడు. "ఇన్‌స్పెక్టరు గారూ, గాలి వచ్చే చోటే అంటించారే?"

"మరెక్కడ అంటిస్తాం?"

"పక్కన ఇంత గోడ ఉంది కదా."

"గోడను మేం తనిఖీ చేయలేదు సార్. తనిఖీ చేయని గోడ మీద గాలి వస్తున్నదని రాసిపెడితే అది తప్పుడు ధ్రువీకరణ. ఒకప్పుడు ఇంకో శాఖవారు మంచినీళ్ళ బావి సర్టిఫికెట్టును స్కూలు గేటుకు అంటించారు. ఆడిటువాళ్ళు వచ్చి ఆ గేటు రోజుకు ఎన్ని బిందెల నీళ్ళిస్తున్నదని అడిగారు. జవాబు చెప్పలేక ముగ్గురు సస్పెండయ్యారు. అప్పటినుంచి ధ్రువీకరించిన వస్తువు మీదే పత్రం ఉండాలని నిబంధన."

చెంగల్రాయుడు మిగిలిన అగరుబత్తీ అందుకుని మళ్ళీ వెంటిలేటరు ముందు పెట్టాడు. పొగ సర్టిఫికెట్టుదాకా పోయి, చదువుకున్నట్టుగా ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి గదిలోకే వచ్చింది.

"చూడండి."

"తనిఖీ ముగిసింది సార్. ముగిసిన తర్వాత పొగ ఎటు పోయినా అది పొగ సొంత వ్యవహారం." భక్తవత్సలం ఫైలు మూసి గొంతు సవరించుకున్నాడు. "ఈ పత్రాన్ని తొలగించినా, చించినా, రంధ్రము చేసినా, స్థానభ్రంశము కావించినా గ్యాస్ కనెక్షను రద్దగును."

సాయంత్రానికి నూటనలభై ఇళ్ళ వెంటిలేటర్లకూ సర్టిఫికెట్లు పడ్డాయి. అంతకు ముందు అట్టలు కుక్కిన ఇళ్ళు ఇరవైకి మించి లేవని మునిస్వామి లెక్క. అట్టలన్నీ తీయించి మరీ అంటించారు.

వారంలోగా కాలనీలో తలనొప్పులు మొదలయ్యాయి. స్నానం చేసి వచ్చినవాళ్ళు చేయకముందు కంటే నీరసంగా కనబడసాగారు. మూడో వీధి తాసిల్దారు ఆఫీసు గుమాస్తా తడితలతో సోఫాలో కూలబడి, "ఇంత అలుపు ఆఫీసులో గూడా లేదు సార్" అని ఆశ్చర్యపోయాడు. చెంగల్రాయుడు ఇల్లిల్లూ తిరిగి, గీజరు వేసినంతసేపూ తలుపు తెరిచి ఉంచండి, బకెట్టు నిండాక ఆపేసి అప్పుడు స్నానానికి వెళ్ళండి అని చెప్పాడు. కొందరు విన్నారు. రెడ్డెమ్మ విన్నది. తలుపు ఓరగా తెరిచి స్నానం చేసేది. నాగులమ్మ వెన్ను చూపించి, దుప్పటి అడ్డం పట్టుకుని గుమ్మంలో కాపలా ఉండేది.

"ఇప్పుడంటే ఇట్ల గడస్తా ఉండాది అయివారూ," అంది ఒకరోజు. "పురుడొచ్చినాక ఎట్ల? అమ్మ లేని పిల్ల, పురుడు నా చేతిమిందనే. బాలింతకు గాలి సోకకూడదు. తలుపు తెరిసి నీళ్ళు పోస్తే నా మొగాన ఉమ్మేస్తారు ఆడోళ్ళు. తలుపేసి పోస్తామా, పసిబిడ్డ గూడా ఆడే ఉంటాది."

"స్టవ్వు మీద కాచి పోయలేమా?"

"బాలింతకు ఎన్ని బానలు కావాలో తెలుసునా నీకు? అన్ని మోసేదానికి నా నడుము ఉండాదా? తలుపు మాత్రం తెరవను. ఇది నా మాట."

నాగులమ్మ మాట ఇన్‌స్పెక్టరు నిబంధన కంటే గట్టిదని చెంగల్రాయుడికి తెలుసు. కాబట్టి నిబంధనను కదిలించడమే సులువని ఆయన జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

వాయు ప్రసరణ నియంత్రణాధికారి త్రిలోకనాథం గారి గదిలో మధ్యాహ్నం పన్నెండింటికి మూడు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఆరు కిటికీలకూ ఆరు సర్టిఫికెట్లున్నాయి.

"కూర్చోండి. మీ కాలనీ నూటికి నూరు శాతం. రాష్ట్రంలో ప్రథమం."

"జనానికి తలనొప్పులు వస్తున్నాయండీ."

"అదే చెబుతున్నా. సర్టిఫికెట్టు ఉన్న ఇళ్ళనుంచే తలనొప్పి ఫిర్యాదులు వస్తున్నాయి. లేని ఇళ్ళనుంచి ఒక్కటీ లేదు. అంటే ఏమిటి? ప్రజల్లో చైతన్యం పెరిగింది."

"సర్టిఫికెట్టు కాస్త చిన్న సైజులో ఇస్తే..."

"చిన్న సర్టిఫికెట్టు చిన్న గాలికే వర్తిస్తుంది. అర్జీదారుగా మీరు ప్రజలకు తక్కువ గాలి కోరుతున్నారా?"

"పోనీ, నడుమ నాలుగు రంధ్రాలు?"

"రంధ్రాలున్న పత్రం చెల్లదు. చెల్లని పత్రం ఉన్న వెంటిలేటరు గుండా వచ్చే గాలి అనధికారం." త్రిలోకనాథం గారు ముందుకు వంగి, ఆత్మీయంగా గొంతు తగ్గించారు. "మాస్టారూ, జనవరి మొదటివారం వాయు వారోత్సవాలు. మొదటి అర్జీదారుగా మీకు శాలువా కప్పుతున్నాం."

శాలువా కోసం కాదు గానీ, సభలో ఒక్క మాట చెప్పే అవకాశం దొరుకుతుందని చెంగల్రాయుడు వెళ్ళాడు. హాలు నిండా అరవై మంది పైగా ఉన్నారు. కిటికీలన్నిటికీ సర్టిఫికెట్లు. సభామర్యాద కోసం తలుపులు మూశారు. వేదిక మీద ప్రజల అవగాహన నిమిత్తం ఒక గ్యాస్ గీజరు బిగించి, కింద బకెట్టు పెట్టి, నీళ్ళు ధారగా వదిలి వెలిగించారు. త్రిలోకనాథం గారు ఉపన్యాసం మొదలుపెట్టారు.

ముప్పావుగంటకు ముందువరసలో ఇద్దరు తలలు వాల్చారు. తర్వాత రెండో వరస మొత్తం ఒరిగింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన ఉపన్యాసానికి జనం నిద్రపోవడం ఆ శాఖలో మొదటినుంచీ ఉన్నదే. ఆయన కూడా అలవాటు కొద్దీ కొనసాగించారు. 'గాలియే జీవము' అని మూడోసారి అన్నప్పుడు మాత్రం ఆయన నాలుక కాస్త మడతపడింది. చెంగల్రాయుడికి కణతలు పగిలిపోతున్నాయి. ఆయన చూపు గోడవారన నిలబడిన మునిస్వామి మీద పడింది. రకరకాల శాఖల్లో ముప్పయి రెండేళ్ళుగా ఎన్ని ఉపన్యాసాలు నిలబడి విన్నాడో ఆ మనిషి. ఏ ఒక్కదానికీ కునుకు తీయని మునిస్వామి, గోడకు జారబడి మెల్లగా కిందికి దిగుతున్నాడు.

చెంగల్రాయుడు తూలుతూనే వేదికెక్కి గీజరు ఆపేశాడు. తలుపులు రెండూ బార్లా తెరిచి, "బయటికి రండి! అందరూ లేవండి!" అని క్లాసురూములో కూడా అరవనంత గట్టిగా అరిచాడు. మెలకువగా ఉన్నవాళ్ళు లేనివాళ్ళను లాక్కొచ్చారు. పావుగంటలో అందరూ ఆవరణలోని వేపచెట్టు కింద కూర్చుని దగ్గుతూ, తలలు పట్టుకుని, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుని చూసుకున్నారు. అందరూ ఉన్నారు. మునిస్వామి కళ్ళు తెరిచి, "అయిపోయిందా సార్, ఉపన్యాసం?" అన్నాడు.

నాలుగో రోజున తాఖీదు వచ్చింది. 'సభాస్థలిలో కిటికీల గుండా ధ్రువీకృత వాయువు లభ్యమగుచుండగా, ధ్రువీకరణ లేని తలుపు గుండా ప్రవేశించిన వాయువును పీల్చి ప్రాణములు నిలుపుకొన్న అరవై ముగ్గురును పదిహేను దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. సదరు తలుపు తెరచిన అర్జీదారు విడిగా ఇచ్చుకొనవలెను.'

జనవరి ఇరవై నాలుగున రెడ్డెమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఎనిమిదిన ఆసుపత్రినుంచి ఇంటికి తీసుకొచ్చారు. రేపు మధ్యాహ్నం తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోస్తానని నాగులమ్మ ప్రకటించింది. పసుపు, నలుగుపిండి, సాంబ్రాణి అన్నీ సిద్ధం. తలుపు సంగతి అడిగితే, "ఏస్తా" అని ఒక్కటే మాట.

ఆ రాత్రి గడువు మీరిన సంజాయిషీ రాయడానికి చెంగల్రాయుడు కూర్చున్నాడు. 'తలుపు ఎందుకు తెరిచితిని అనగా' అని రాసి ఆగిపోయాడు. ఆ తాఖీదులో, ఆ సర్టిఫికెట్టులో, ఇన్‌స్పెక్టరు చదివిన హెచ్చరికలో ఉన్నదంతా గాలి వచ్చే దారి గురించే. అక్కడి పత్రాన్ని కదిలించరాదు, చించరాదు. మంచిదే. గీజరును కదిలించరాదని ఎవరూ ఎక్కడా అనలేదు. ఎనిమిదేళ్ళుగా గాలిని నియంత్రిస్తున్న కార్యాలయానికి మంట సంగతి తట్టనే లేదు.

కలం మూత పెట్టి, ప్లంబరు ఖాదర్‌వలికి ఫోను చేశాడు.

మర్నాడు పొద్దున ఏడింటికే ఖాదర్‌వలి సామాను సంచితో వచ్చాడు. విషయం విని, "ఇంతేనా సార్?" అన్నాడు. "గీజరు పీకి ఎనక వరండాలో బయటి గోడకు బిగిస్తే సరి. పైపు రావడానికి పాత బెజ్జం ఉండనే ఉండాది. సిలిండరు గూడా బయటికే. లోపలికి ఉడుకునీళ్ళు మాత్రం వస్తాయి. అందరిండ్లల్లో మొదటే ఇట్ల పెట్టుకోవాల్సింది. నేను చెప్తే ఎవరింటారు? చదువుకున్నోళ్ళు చెప్పాల."

"చదువుకున్నవాణ్ణి నేను అర్జీ రాశాను," అన్నాడు చెంగల్రాయుడు.

"అదే గదా సార్ వచ్చిన చిక్కు."

పదకొండింటికి పని అయిపోయింది. అదే సమయానికి, నెలవారీ పునఃపరిశీలన నిమిత్తం భక్తవత్సలం, మునిస్వామి మెట్లెక్కి వచ్చారు.

స్నానాలగదిలో సర్టిఫికెట్టు చెక్కు చెదరలేదు. గీజరు లేదు. భక్తవత్సలం ఖాళీ గోడను తడిమి చూశాడు. వరండాలోకి వచ్చి చూశాడు. వరండాకు పైకప్పు లేదు, నడుమెత్తు పిట్టగోడ తప్ప ఏ పక్కా అడ్డులేదు. ఎదురుగా టమోటా తోటలు, వాటి వెనక కొండలు.

"గీజరు ఉన్నచోట వాయుద్వారం ఉండాలి. దానికి కొలతలుండాలి. దానిమీద సర్టిఫికెట్టుండాలి. ఇక్కడ ద్వారమేది?"

"ఇదంతా ద్వారమే సార్," అన్నాడు ఖాదర్‌వలి చెయ్యి చాపి.

భక్తవత్సలం టేపు తీసి పిట్టగోడనుంచి పైకి సాగదీశాడు. మూడడుగులు పోయాక టేపు వంగి కిందికి వాలింది. మళ్ళీ సాగదీశాడు. అగరుబత్తీ వెలిగించబోతే అగ్గిపుల్ల నిలవలేదు. ఏడు పుల్లలయ్యాయి.

"యాడ అంటించేది సార్?" అన్నాడు మునిస్వామి, బ్రష్షు జిగురులో ముంచి పట్టుకుని. చాలా మర్యాదగానే అడిగాడు.

"ధ్రువీకరించిన వస్తువు మీద."

"అంటే, ఆకాశం మిందనా?"

లోపల తలుపుచాటున రెడ్డెమ్మ కిసుక్కున నవ్వింది. నాగులమ్మ "మేయ్, నవ్వొద్దు, కుట్లు నొప్పెడతాయి" అని కసిరి, తాను నవ్వింది.

భక్తవత్సలం సర్టిఫికెట్టును రెండు చేతులా అందుకుని, ఎక్కడైనా ఆనుతుందేమోనని పిట్టగోడ మీదుగా బయటికి చాపి పట్టుకున్నాడు. అప్పుడు కొండవైపునుంచి గాలి వచ్చింది. రెండడుగుల కాగితం ఒక్కసారి తెరచాపలా ఉబ్బి, ఆయన వేళ్ళనుంచి జారి, పైకి లేచింది. నలుగురూ తలలెత్తి చూశారు. అది తోటలమీదుగా పల్టీలు కొడుతూ ఎండలో తళుక్కుమంటూ పోయింది. గాలి నిరాటంకముగా ప్రసరించుచున్నదని దానిమీద రాసి ఉంది. అచ్చువేసిన ఇన్ని వేల సర్టిఫికెట్లలో నిజం చెప్పినది అదొక్కటే.

భక్తవత్సలం చాలాసేపు చేతులు అలాగే చాపి నిలబడ్డాడు. తర్వాత ఫైలు తెరిచి మెల్లగా రాశాడు. రాసినది పైకి చదివాడు. "పత్రమును ధ్రువీకృత వస్తువునకే అప్పగించడమైనది. అభ్యంతరము లేదు."

మునిస్వామి జిగురు బకెట్టు కింద పెట్టాడు.

ఇద్దరూ మెట్లదాకా వెళ్ళారు. భక్తవత్సలం ఒక్కడే వెనక్కి వచ్చాడు. ఫైలు చంకలో లేదు. గొంతులో తాఖీదు లేదు.

"సార్, ఒక మాట. మా అమ్మ రోజూ నీళ్ళు పోసుకుని వచ్చి తలనొప్పంటా పడుకుంటా ఉండాది. నిన్న రెండుసార్లు పేరు పెట్టి పిలిస్తే గాని పలకలే."

"మీ ఇంట్లో గీజరు ఎక్కడుంది నాయనా?"

"బాత్రూములోనే సార్. సర్టిఫికెట్టు కింద." ఆయన తల దించుకున్నాడు. "నేనే అంటించినా. పీకేదానికి చెయ్యి రాలే."

చెంగల్రాయుడు ఖాదర్‌వలివైపు చూశాడు. ఖాదర్‌వలి అప్పటికే సంచి భుజాన వేసుకుని, "పదండి సార్, బండి ఉండాదా?" అన్నాడు.

మధ్యాహ్నం నాగులమ్మ స్నానాలగది తలుపు గట్టిగా వేసి, గడియ పెట్టి, గంటసేపు తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసింది. ఉడుకునీళ్ళ చప్పుడు, నాగులమ్మ తిట్లు, పసిదాని ఏడుపు గోడ ఇవతలికి వినబడుతూనే ఉన్నాయి. చెంగల్రాయుడు తన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ ఏడుపంతా విన్నాడు. అంత గట్టిగా ఏడవాలంటే ఊపిరితిత్తుల నిండా మంచి గాలి ఉండాలి.

పొద్దు గూకాక చలి దిగింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయన వెనక వరండాలోకి వచ్చేసరికి, పక్క వరండాలోకి నాగులమ్మ కుంపటి రెండు చేతులా పట్టుకుని వస్తోంది. బాలింత మంచం కింద పెట్టే కుంపటి. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. దాన్ని పిట్టగోడవారగా దించి నడుము పట్టుకుంది.

"బయట పెడుతున్నావే, నాగులమ్మా? లోపల చలి కాదూ?"

"ఇంగో రెండు దుప్పట్లు కప్పినా. ఇది గూడా నిప్పే గదా అయివారూ. గీజరుకొక నాయం, దీనికొక నాయమా?" అని, బిడ్డ లేస్తుందని గుర్తొచ్చి గొంతు తగ్గించింది. "కిటికీ గూడా బెత్తెడు తెరిసే పెట్టినాలే. నువ్వు పోయి పడుకో."

ఆమె లోపలికి వెళ్ళి, రెక్క కీచుమనకుండా కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసింది.